తువ్వాలు కింద ధర

2004, ఫిబ్రవరి నెలాఖరు. గుంటూరు కొత్తపేటలో ఒక ప్రైవేటు నరాల ఆసుపత్రి, దాని మెట్ల పక్కన పన్నెండడుగుల గదిలో నా మందుల షాపు. ఫార్మసిస్టుగా అప్పటికి నాకు పద్నాలుగేళ్ల అనుభవం. ఆ వారం సంగతి ఎప్పుడు చెప్పినా నా గొంతు పైకి లేస్తుందని మా ఇంట్లో నవ్వుతారు. ఇప్పుడు రాస్తుంటే కూడా చెయ్యి తొందరపడుతోంది. ఆ తొందరలో జారిపోకుండా ముందు నా తప్పేమిటో చెప్పేస్తాను.

పెద్ద మందు చీటీ కౌంటరు మీదికి వస్తే నేను అడిగే మొదటి మాట, "ఇన్సూరెన్సా, క్యాషా?" అని. ఖరీదైన ఇంజెక్షన్ డబ్బా మీద ఎమ్మార్పీ అని ఒక ధర అచ్చయి ఉంటుంది. అంతకు మించి అమ్మకూడదు. తక్కువకు అమ్మితే అడిగేవాళ్లు లేరు. నేను టోకున అమ్మే స్టాకిస్టు దగ్గర కొనే ధర కొన్ని మందులకు అందులో సగం కూడా ఉండదు. మధ్యలో ఉన్నదంతా నా ఇష్టం. క్యాష్ వాళ్లు బేరమాడతారు, కాబట్టి తగ్గించేవాణ్ణి. బీమా వాళ్లు ఆడరు, కాబట్టి ఎమ్మార్పీ వేసేవాణ్ణి. కంపెనీ డబ్బే కదా, ఎవరి జేబుకీ నష్టం లేదనుకునేవాణ్ణి. ఈ పద్ధతి నాకెవరూ నేర్పలేదు. ఆ ఆసుపత్రిలో దాన్ని పెట్టింది నేనే.

ఆ నెలలో వినుకొండ వైపు నుంచి కోటయ్య అనే మిర్చి రైతు తన తమ్ముణ్ణి తీసుకొచ్చాడు. తమ్ముడికి జీబీఎస్ అనే జబ్బు. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి మన నరాల మీదే తిరగబడటం. బలహీనత పాదాల దగ్గర మొదలై పైకి ఎక్కుతుంది. ఛాతీ దాకా ఎక్కితే ఊపిరి అందదు, వెంటిలేటర్ పెట్టాలి. దీనికి వాడే మందు ఐవీఐజీ. దాతల రక్తం నుంచి తీసే ప్రొటీన్ అది. వయల్స్ అనే చిన్న గాజు సీసాల్లో వస్తుంది, ఫ్రిజ్‌లో ఉంచాలి. మనిషి బరువును బట్టి రోజుకు ఇన్ని వయల్స్ అని లెక్కగట్టి, ఐదు రోజులు వరసగా సెలైన్‌లా ఎక్కిస్తారు.

కోటయ్య మార్కెట్ యార్డులో మిర్చి అమ్మి నేరుగా నా కౌంటరుకు వచ్చాడు. ఒంటి మీద మిర్చి ఘాటుకు వరుసలో ఉన్నవాళ్లంతా తుమ్ముతున్నారు.

"ఏమయ్యా, ఎంత ఇది?"

"డబ్బా మీదుంది చూడండి. తొమ్మిదివేల ఎనిమిదొందలు."

"డబ్బా మీద ఏదైనా రాస్తారు. అసలు మాట చెప్పు."

నేను నోరు తెరిచేలోపు భుజం మీది తువ్వాలు తీసి నా కుడిచేతి మీద కప్పాడు. యార్డులో పాతతరం వ్యాపారుల బేరం అది. చుట్టూ ఎంతమంది ఉన్నా ధర ఎవరికీ వినపడదు. వేలు మొత్తం పడితే వెయ్యి, సగానికి పడితే ఐదొందలు. గుడ్డ కింద నాలుగు వేళ్లు పట్టాడు. తల అడ్డంగా ఊపాను. ఐదు పట్టాడు. నేను అతని చెయ్యి తీసుకుని ఐదు వేళ్లూ నొక్కి, ఆరో సారి ఒక వేలు సగానికి నొక్కాను. కోటయ్య నవ్వి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. వయల్‌కు ఐదువేల ఐదొందలు. నేను కొన్నది నాలుగువేల ఆరొందలకు. ఇద్దరికీ సంతోషమే. బిల్లు ఇవ్వలేదు, గులాబీరంగు చీటీ మీద వయల్స్ సంఖ్య, ధర రాసి సంతకం పెట్టిచ్చాను. క్యాష్ వాళ్లకు అంతే.

తర్వాతి వారం మంగళవారం ఎస్తేరు గారు వచ్చారు. దర్శి దగ్గర మిషన్ స్కూల్లో తెలుగు టీచరు. వయసు ముప్ఫై ఆరు. భర్త ఏసురత్నం బోరు మోటార్లకు రాగితీగ చుట్టే వైండింగ్ పని చేస్తాడు. ఆమెకు ముందు విరేచనాలు పట్టుకుని తగ్గాయి, తర్వాత కాళ్లు తిమ్మిరెక్కాయి, రెండు రోజుల్లో నిలబడలేని స్థితి. అదే జబ్బు, అదే మందు. యాభై కిలోల మనిషి కాబట్టి రోజుకు నాలుగు వయల్స్, మొత్తం ఇరవై. స్కూలు టీచర్లందరికీ కలిపి యాజమాన్యం తీసుకున్న బీమా ఉంది. క్యాష్‌లెస్, అంటే రోగి డబ్బు కట్టకుండా బీమా కంపెనీయే ఆసుపత్రికి కడుతుంది. నాకింకేం కావాలి. ఎమ్మార్పీ వేశాను.

వయల్స్ చల్లగా ఉండాలని నేనే ఐసీయూకు తీసుకెళ్లేవాణ్ణి. అలా ఆ పరీక్ష చూశాను. ఊపిరితిత్తుల బలం తెలుసుకోవడానికి డాక్టరమ్మ ఆమెతో, "ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలరో పెట్టండి" అన్నారు.

"లెక్కలు మా లెక్కల మాస్టారి పని మేడం. నేను అక్షరాలు చెప్తాను" అన్నారు ఎస్తేరు గారు.

డాక్టరమ్మ నవ్వి సరేనన్నారు. అ ఆ ఇ ఈ అని మొదలుపెట్టి, అచ్చులు దాటి, హల్లుల్లోకి వచ్చి మొదటిరోజు 'మ' దగ్గర ఆగారు. నర్సు కేస్‌షీటులో 'మ' అని రాసింది. బుధవారం 'ణ' దగ్గర ఆగింది. గురువారం 'ఞ' దగ్గర. మందు ఎక్కుతూనే ఉంది, అక్షరాలు తగ్గుతూనే ఉన్నాయి. ఈ మందు పని మొదలుపెట్టడానికి కొన్ని రోజులు పడుతుందని, ఈలోపు జబ్బు పైకి ఎక్కుతూనే ఉంటుందని, ఒక్క డోసు కూడా తప్పకూడదని డాక్టరమ్మ ఏసురత్నానికి చెబుతుంటే విన్నాను.

గురువారం సాయంత్రం నాలుగింటికి ఫ్యాక్స్ వచ్చింది. పంపింది టీపీఏ, బీమా కంపెనీ తరఫున ఆసుపత్రి కాగితాలు చూసి డబ్బు మంజూరు చేసే సంస్థ. ఎస్తేరు గారి పాలసీలో ఏడాదికి లక్షన్నర పరిమితి. పన్నెండు వయల్స్‌కే నా బిల్లు లక్షా పదిహేడు వేలు దాటింది. ఐసీయూ, పరీక్షలు కలిపేసరికి పరిమితి అయిపోయింది. ఇక రాదని రాశారు.

వరండాలో ఏసురత్నం, కోటయ్య ఒకే బెంచీ మీద కూర్చుని కోటయ్య ఇంటి నుంచి వచ్చిన క్యారేజీ పంచుకుని తింటున్నారు. కోటయ్య తమ్ముడు అప్పటికి వార్డులో గోడ పట్టుకుని అడుగులేస్తున్నాడు.

"ఏసురత్నం గారూ, మీ లిమిట్ అయిపోయిందండి. రేపటి నుంచి మందు క్యాష్ కట్టుకోవాలి" అన్నాను.

"ఇంకా రెండ్రోజుల మందుంది కదా సార్."

"ఎనిమిది వయల్స్. డెబ్బై ఎనిమిది వేల నాలుగొందలు" అంటూ బిల్లు చూపించాను.

కోటయ్య నమలడం ఆపాడు. "ఏదీ, ఆ కాగితం ఇటివ్వు." కళ్లకు దూరంగా పట్టుకుని చదివాడు. "ఏమయ్యా, నీ ఫ్రిజ్జులో రెండు రకాల మందుందా?"

"ఒకటేనండి."

"మరి నాకు ఐదున్నరకిచ్చి, పంతులమ్మకి పదికి దగ్గర వేశావేంది?"

"వాళ్లది ఇన్సూరెన్సు కోటయ్య గారూ. కట్టేది కంపెనీ."

ఏసురత్నం లేచి చెయ్యి కడుక్కుని వచ్చాడు. గొంతులో కోపం లేదు. "మూడేళ్ల నుంచి ఆవిడ జీతంలో దానికి కోత పడతానే ఉంది సార్. ఆ లక్షన్నర కంపెనీదైతే, అయిపోయిందని నాకెందుకు చెప్తున్నారు?"

కోటయ్య చేతిలోంచి బిల్లు తీసుకుని మడిచాను. ఏసురత్నం ఆగలేదు.

"కాలిపోయిన మోటారు పట్టుకుని రైతు నా కొట్టుకి వస్తాడు. అక్కడ తోట ఎండిపోతుంటది. ఎంత అడిగినా ఇస్తాడని నాకు తెలుసు. తెలిసినా ఒకటే రేటు చెప్తా. కోటయ్య గారి చెయ్యి పట్టుకుని బేరమాడారంట. మా చెయ్యి మాత్రం మీకు అక్కర్లేకపోయింది."

"తినవయ్యా, అన్నం ముందర కోపాలొద్దు" అని కోటయ్య అతన్ని కూర్చోబెట్టాడు. నన్ను కూర్చోమనలేదు.

షాపులోకి వచ్చి క్యాలిక్యులేటర్ తీశాను. ఇరవై వయల్స్ కోటయ్య ధరకు వేస్తే లక్షా పదివేలు. మిగతా నలభై వేలలో ఐదు రోజుల ఐసీయూ ఖర్చు సరిపోతుంది. మందు కోర్సు మొత్తం ఆ పరిమితిలో పట్టేది. నేను పట్టనివ్వలేదు. ఎవరి జేబుకీ నష్టం లేదనుకుని ఎస్తేరు గారి రెండు రోజుల మందు నేను తినేశాను.

శుక్రవారం ఉదయం షాపు తెరిచేసరికి ఎదురుగా ఎస్‌టీడీ బూత్‌లో ఏసురత్నం ఉన్నాడు. తలుపు తెరిచే ఉంది. "వైండింగ్ మిషనూ, ఉన్న రాగితీగ అంతా కలిపి చెప్పరా. ఎంతకైనా సరే, ఇవాళే కావాలి" అంటున్నాడు. ఆ మిషను పోతే అతనికి పనే లేదు. నేను మెట్లెక్కి ఐసీయూకు పరిగెత్తాను. డాక్టరమ్మ బయటకొస్తూ, "'ఘ' దగ్గర ఆగిపోయింది. పన్నెండింటికల్లా డోసు మొదలవ్వాలి. ఇంకో నాలుగైదు అక్షరాలు తగ్గితే వెంటిలేటరే" అన్నారు.

ఫ్రిజ్ తెరిచి నాలుగు వయల్స్ తీసి నర్సు చేతిలో పెట్టాను. తర్వాత ఏసురత్నం దగ్గరికెళ్లాను.

"మిషను అమ్మకండి. మిగిలిన ఎనిమిదీ కొన్న ధరకిస్తాను. వద్దంటే ఊరికే ఇస్తాను."

ఏసురత్నం బూత్‌లోంచి బయటికొచ్చాడు. "మందు పెట్టించండి సార్, కాదనను. కానీ దానం అని మాత్రం రాయొద్దు. మీరు లెక్క తప్పేశారు. లెక్క సరిచెయ్యండి."

ఉచితంగా ఇచ్చి మంచివాణ్ణనిపించుకుందామనుకున్నాను. ఆ దారి మూసేశాడు. లెక్క సరిచేయడమంటే ఏమిటో నాకు తెలుసు. హైదరాబాదులో టీపీఏ ఆఫీసుకు ఫోన్ చేశాను. అటువైపు బిల్లులు పరిశీలించే ఒక లేడీ డాక్టరు.

"మేడం, మా బిల్లులో ఐవీఐజీ ధర తప్పు పడింది. తగ్గించి మళ్లీ పంపుతాను. తగ్గిన మేరకు పరిమితి తిరిగి ఇవ్వండి."

"తప్పు పడిందా, వేశారా?"

"వేశాను మేడం."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు. "అసలు ధర ఎంతని నమ్మమంటారు? క్యాష్ పేషెంటుకు ఎంతకమ్మారో రుజువు పంపండి. ఎందుకు ఎక్కువ వేశారో మీ సంతకంతో ఉత్తరం రాయండి. రెండింటిలోపు వస్తే ఇవాళ చూస్తాను. తర్వాతైతే సోమవారమే."

"పంపుతాను మేడం."

"మీరింతకు ముందు పంపిన బిల్లుల సంగతి కూడా అడుగుతాం. తెలిసే పంపుతున్నారా?"

తెలుసన్నాను. ఆ మాట అన్నాక ఒంట్లోకి ఎక్కడలేని హుషారు వచ్చింది. పద్నాలుగేళ్లలో కౌంటరు వెనక అంత వేగంగా నేనెప్పుడూ కదల్లేదు. కొత్త బిల్లు, పన్నెండు వయల్స్, ఐదువేల ఐదొందల చొప్పున. ఉత్తరం నాలుగు వాక్యాలు: ఇదే మందు క్యాష్ రోగులకు తక్కువకు అమ్ముతాను, బీమా ఉన్నవాళ్లకు కావాలనే ఎక్కువ వేస్తాను, ఈ కేసులో ఆ తేడా యాభై ఒక్క వేల ఆరొందలు, దాన్ని రోగి పరిమితిలో కలపండి. సంతకం. ఇక రుజువు. ఉన్నది ఒక్కటే, కోటయ్యకిచ్చిన గులాబీ చీటీ. అడిగితే కోటయ్య చొక్కా లోపలి జేబులోంచి మడతలు విప్పుతూ తీశాడు.

"దీంతో నీకే చుట్టుకుంటదేమోనయ్యా."

"చుట్టుకోనివ్వండి."

"అయితే పద."

ఒంటిగంట దాటింది. ఆసుపత్రి ఫ్యాక్స్‌లో మొదటి కాగితం పెట్టాను. కరెంటు పోయింది. జనరేటరు ఐసీయూకే, ఆఫీసుకు లేదు. బయట ఎస్‌టీడీ బూత్‌లో ఫ్యాక్స్ లేదు. ఇన్వర్టర్ ఉన్న ఫ్యాక్స్ సెంటరు అరండల్‌పేటలో ఉంది, రైల్వే వంతెనకు అవతల. కోటయ్య తన మోపెడ్ తీశాడు. వెనక కూర్చున్నాను. ముందు సంచిలో ఇంకా మిర్చి తొక్క ఉన్నట్టుంది, గాలికి ఎగిరి కళ్లలో పడుతోంది. వంతెన మీద లారీలు. కోటయ్య హారన్ పనిచేయదు, అందుకని నోటితో అరుస్తున్నాడు. "జరగండయ్యా, జరగండి, మందు కాగితం." వెనకనుంచి నేను తుమ్ముతున్నాను.

ఫ్యాక్స్ సెంటరమ్మ నంబరు కొట్టింది. ఎంగేజ్. మళ్లీ ఎంగేజ్. మూడోసారి కలిసింది, ఉత్తరం పోయింది, బిల్లు పోయింది. చీటీ దగ్గర ఆగింది. "గులాబీ కాగితమండీ, అటువైపు మొత్తం నల్లగా పడుద్ది" అంది. టైము ఒకటీ నలభై ఐదు. కోటయ్య నా వంక చూశాడు. నేను ఆమె వంక చూశాను. ఆమె మా ఇద్దరినీ చూసి, "జిరాక్స్ లైటుగా తీసి అది పంపుదాం లెండి, ఎందుకంత కంగారు" అంది. మొదటి కాపీ నలుపు. రెండోదీ నలుపే. మూడో కాపీలో నా చేతిరాత తేలింది. నా సంతకం అంత స్పష్టంగా కనపడినందుకు సంతోషించడం జీవితంలో అదే మొదలు. ఒకటీ యాభై ఆరుకు ఫ్యాక్స్ మిషను చేరినట్టు రసీదు ఇచ్చింది. కోటయ్య దాన్ని తీసుకుని, చీటీ ఉన్న జేబులోనే పెట్టుకున్నాడు.

ఆసుపత్రికి వచ్చి కరెంటు కోసం కూర్చున్నాం. నేను, ఏసురత్నం, కోటయ్య, ఒకే బెంచీ. ఈసారి కోటయ్యే జరిగి చోటిచ్చాడు. పైన నాలుగో డోసు చుక్కచుక్కగా ఎక్కుతోంది. నాలుగూ ఇరవైకి ఫ్యాను కదిలింది. వెంటనే ఆఫీసులో ఫ్యాక్స్ మోగింది. ముగ్గురం లేచాం. కాగితం అంగుళం అంగుళంగా వస్తోంది. మొదటి షీటు: సవరించిన బిల్లు అంగీకరించాం, మిగిలిన పరిమితి యాభై ఒక్క వేల పైచిలుకు, చికిత్స కొనసాగించండి. ఏసురత్నం దాన్ని రెండుసార్లు చదివి, బూత్ వైపు పరిగెత్తాడు, మిషను బేరం ఆపడానికి. ఫ్యాక్స్ ఇంకా కూస్తోంది. రెండో షీటు వచ్చింది. గత ఏడాది మీ షాపు నుంచి వచ్చిన బీమా బిల్లులన్నిటికీ కొనుగోలు రసీదులు పంపండి.

కోటయ్య నా భుజం మీద చెయ్యేశాడు. "ఏముందయ్యా దాంట్లో?"

"నాకొచ్చిన ఉత్తరం" అన్నాను.

ఆ లెక్క తేలడానికి చాలా నెలలు పట్టింది. తేడా సొమ్ము వాయిదాల మీద తిరిగి కట్టాను. ఆసుపత్రి యజమాని షాపు ఒప్పందం మళ్లీ రాయలేదు, ఆయనను నేను తప్పుపట్టను. పూర్తిగా పశ్చాత్తాపంతోనే కట్టానని చెప్పుకుంటే అది ఇంకో అబద్ధం. మధ్యలో రెండు మూడుసార్లు ఎందుకు ఒప్పుకున్నానా అనిపించింది. అలాంటప్పుడల్లా ఆ కేస్‌షీటు గుర్తుచేసుకునేవాణ్ణి.

ఆ వారం శనివారం ఐదో డోసు అయింది. ఆ రోజూ 'ఘ' దగ్గరే ఆగింది. తగ్గలేదు. ఆదివారం నేను ఇంటి దగ్గర ఉండలేక వచ్చాను. ఐసీయూ తలుపు అద్దంలోంచి ఆమె పెదవులు కదలడం కనిపిస్తోంది, ఏ అక్షరమో తెలియడం లేదు. నర్సు బయటకొచ్చి, "చ" అంది. రెండక్షరాలు పెరిగాయి. ఏసురత్నం గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. తర్వాతి వారం 'త' దాటింది, ఆపై 'మ' దాటింది. వెంటిలేటర్ అవసరం రాలేదు.

మూడు వారాల తర్వాత డిశ్చార్జి. చక్రాల కుర్చీలో ఆమెను నా కౌంటరు ముందుకు తీసుకొచ్చారు. తమ్ముణ్ణి పరీక్షకు తెచ్చిన కోటయ్య కూడా అక్కడే ఉన్నాడు. క్షమించమని అడగాలని రెండు రోజులుగా మాటలు పేర్చుకున్నాను. అవి మొదలుపెట్టేలోపే ఆమె కోటయ్య వైపు తిరిగారు.

"కోటయ్య గారూ, ఆ తువ్వాలు ఇటివ్వండి" అన్నారు ఎస్తేరు గారు. "మా ఆయన ఒకటే చెప్తున్నాడు. నాకూ నేర్పండి ఆ బేరం."

కోటయ్య తువ్వాలు నా చేతి మీద, ఆమె చేతి మీద కలిపి కప్పాడు. గుడ్డ కింద ఆమె వేళ్లు నా చూపుడువేలును వెతుక్కున్నాయి. పట్టు చాలా పలచగా ఉంది, కానీ పట్టే. ఒక వేలు. తర్వాత రెండోది. చాలాసేపటికి మూడోది. నాలుగో వేలు దగ్గర చెయ్యి జారింది.

"మూడే వచ్చినయ్ సార్" అన్నారు ఆయాసంతో.

"మూడువేలకి ఇచ్చెయ్యవయ్యా, ఇంకేం చూస్తావ్" అన్నాడు కోటయ్య. అందరం నవ్వాం. తువ్వాలు తీసేదాకా నేను చెయ్యి కదపలేదు.

ఇప్పుడు చిలకలూరిపేటలో నాదొక చిన్న షాపు. ఖరీదైన ఇంజెక్షన్ల ధరలు పలక మీద రాసి కౌంటరు మీద పెడతాను, వచ్చినవాళ్లందరికీ కనపడేటట్టు. బీమా పరిమితి అనేది కంపెనీ సొమ్ము కాదని, అది రోగికి మిగిలిన రోజులని, అందులోంచి నేను ఎక్కువగా తీసుకున్న ప్రతి రూపాయీ ఎవరో ఒకరి ఊపిరిలోంచి తీసుకున్నదేనని ఆ కేసు నాకు నేర్పింది. "ఇన్సూరెన్సా, క్యాషా?" అని అడగడం మానేశాను. పెద్ద చీటీ తెచ్చినవాళ్లను ఇప్పుడు మొదట అడిగేది, "ఇంకా ఎన్ని రోజుల మందుందండి?" అని.